మామూలు వాడకానికి ల్యాప్‌టాప్ కొంటున్నారా? ప్రాసెసర్ నంబర్ పూర్తిగా చదవండి

"ఐ5 సార్, తిరుగుండదు" అని షాపులో చెబితే అక్కడితో నమ్మేయకండి. 2015 నాటి ఐ5-6300యులో ఉన్నవి రెండే కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు). 2022లో వచ్చిన ఐ3-1215యులో ఆరు ఉన్నాయి. పేరుకు చిన్నదైనా ఆ ఐ3 ముందు ఈ పాత ఐ5 నిలవలేదు. అందుకే ఐ3, ఐ5, ఐ7 అన్న ముక్క దగ్గర ఆగకుండా వెనకున్న అంకెలు, చివరి అక్షరం కూడా అడిగి రాసుకోండి. ఒకే మోడల్ పేరుతో మూడు నాలుగు రకాల ప్రాసెసర్లు పెట్టి అమ్ముతారు, కాబట్టి ల్యాప్‌టాప్ పేరు ఒక్కటే తెలిస్తే చాలదు.

మామూలు వాడకం అంటే ఇక్కడ మన లెక్క ఇది: బ్రౌజర్‌లో పది పదిహేను ట్యాబులు, వర్డ్, ఎక్సెల్, యూట్యూబ్, జూమ్ లేదా గూగుల్ మీట్ క్లాసులు, బ్యాంకు పనులు, పీడీఎఫ్‌లు, ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, చిన్న కొట్టుకు ట్యాలీ. వీడియో ఎడిటింగ్, ఆండ్రాయిడ్ స్టూడియో, పెద్ద గేములు ఇందులో లేవు.

ఈ పనుల్లో ప్రాసెసర్‌ను నిజంగా కష్టపెట్టేది వీడియో కాల్. మీ కెమెరా దృశ్యాన్ని కుదించి పంపాలి, అవతలివాళ్ల దృశ్యాలను విప్పి చూపాలి, మీ వెనకున్న గది మసకగా కనిపించాలంటే ప్రతి ఫ్రేములోనూ మనిషిని గది నుంచి వేరు చేయాలి. అన్నీ ఒకేసారి జరగాలి. రెండు కోర్ల సిస్టమ్ మీద ఇదే సమయంలో పీపీటీ తెరిచి స్క్రీన్ షేర్ చేస్తే మాట తెగి తెగి వినిపిస్తుంది. నెట్ బాగా లేదనుకుని వైఫై మార్చినా ఫలితం ఉండదు. అందుకే కనీసం నాలుగు కోర్లు కావాలి. వెబ్ పేజీ తెరుచుకునే వేగానిది వేరే లెక్క. ఒక పేజీలోని జావాస్క్రిప్ట్ (పేజీని నడిపే కోడ్) పనిలో ఎక్కువ భాగం ఒక్క కోర్ మీదే నడుస్తుంది. ఎన్ని కోర్లున్నా, ఒక్కో కోర్ నెమ్మదిదైతే పేజీ కూడా నెమ్మదిగానే తెరుచుకుంటుంది. కోర్ల సంఖ్యతో పాటు అవి ఏ తరానివో చూడాలనేది ఇందుకే.

ఇంటెల్ నంబర్ చదివే పద్ధతి

గీత తర్వాత వచ్చే నంబర్ 1తో మొదలైతే మొదటి రెండంకెలు జనరేషన్. 1135జీ7 అంటే 11, 1215యు అంటే 12, 1334యు అంటే 13. నంబర్ 6, 7, 8 లాంటి అంకెతో మొదలైతే ఆ ఒక్క అంకే జనరేషన్. 8250యు అంటే 8. చివర యు ఉంటే తక్కువ కరెంటుతో నడిచేది, మామూలుగా 15 వాట్లు. హెచ్ ఉంటే 45 వాట్ల రకం. 2024 నుంచి ఇంటెల్ కొత్త చిప్‌ల పేర్లలో "ఐ" తీసేసింది. కోర్ 3 100యు, కోర్ 5 120యు అనేవి ఆ కొత్త పేర్లే.

మన పనులకు బాగా సరిపోయేవి ఐ3-1215యు, ఐ3-1315యు, కోర్ 3 100యు. మూడింటిలోనూ పెద్ద కోర్లు (వేగంగా పనిచేసేవి) రెండు, చిన్న కోర్లు (తక్కువ కరెంటుతో నడిచేవి) నాలుగు. ఐ3-1305యు అని కనిపిస్తే అందులో పెద్ద కోర్ ఒక్కటే. పనికొస్తుంది గానీ అదే ధరకు 1215యు దొరికితే దాన్ని వదలకండి. ఐ3-1115జీ4లో రెండే కోర్లు, నాలుగు థ్రెడ్లు (కోర్లు ఒకేసారి నడపగల పనుల వరుసలు). పాత స్టాకులో ఇది ఇంకా తగులుతుంది. బాగా తగ్గించి ఇస్తే తప్ప అక్కర్లేదు.

ఇక్కడే డబ్బు మిగిలే చోటు ఒకటుంది. ఐ3-1215యు, ఐ5-1235యు రెండింటిలోనూ పెద్ద కోర్లు రెండే, వాటి గరిష్ఠ వేగం కూడా ఒకటే, 4.4 గిగాహెర్ట్జ్. ఐ5లో ఎక్కువగా వచ్చేవి ప్రధానంగా మరో నాలుగు చిన్న కోర్లు, కొంచెం మెరుగైన గ్రాఫిక్స్. వర్డ్ తెరవడానికీ, పేజీ లోడ్ కావడానికీ ఆ నాలుగు చిన్న కోర్లు చేసే సాయం దాదాపు ఏమీ లేదు. కాబట్టి 8 జీబీ ర్యామ్‌తో ఐ5, 16 జీబీ ర్యామ్‌తో ఐ3 ఒకే ధరకు పక్కపక్కన ఉంటే మామూలు వాడకానికి ఐ3యే తీసుకోండి.

ఏఎండీలో మూడో అంకె

ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ తెచ్చిన రైజెన్ 7000 సిరీస్ ల్యాప్‌టాప్ చిప్‌ల నంబర్‌లో అసలు విషయం మూడో అంకెలో ఉంటుంది. మొదటి అంకె విడుదల సంవత్సరాన్ని చెబుతుంది, 7 అంటే 2023. రెండోది స్థాయి. మూడోది లోపలి డిజైన్ ఏ తరానిదో చెబుతుంది: 2 అంటే జెన్ 2 (జెన్ అనేది ఏఎండీ కోర్ల డిజైన్ పేరు), 3 అంటే జెన్ 3 లేదా దాని మెరుగైన రూపం, 4 అంటే జెన్ 4. ఇప్పుడు రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు చూడండి. చూడటానికి ఒకే కుటుంబంలా ఉంటాయి, తేడా ఒక్క అంకె. మొదటిది 2019 నాటి జెన్ 2 డిజైన్, నాలుగు కోర్లు, 4 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన చిన్న మెమరీ). రెండోది జెన్ 3, ఆరు కోర్లు, 16 ఎంబీ ఎల్3 క్యాష్. రెండు స్టిక్కర్ల మీదా రైజెన్ 5 అనే ఉంటుంది.

7520యు పనికిరానిదేమీ కాదు. బ్రౌజింగ్, క్లాసులు చక్కగా నడుస్తాయి. ఇబ్బంది ర్యామ్ దగ్గర వస్తుంది. 7320యు, 7520యు చిప్‌లు ఎల్‌పీడీడీఆర్5 అనే రకం ర్యామ్‌తోనే పనిచేస్తాయి, అది బోర్డుకు అతికించి వస్తుంది. 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీయే. ఇవి కొనేటట్టయితే 16 జీబీది మాత్రమే చూడండి. 5000 సిరీస్‌లో ఈ మూడో అంకె సూత్రం పనిచేయదు: 5500యు జెన్ 2, 5625యు జెన్ 3. అయితే రెండింటిలోనూ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్నాయి కాబట్టి మన అవసరానికి రెండూ మంచివే.

చౌక రకాలు: ఏది వదలాలి, ఏది పనికొస్తుంది

సెలెరాన్ ఎన్4020, ఎన్4500, అథ్లాన్ సిల్వర్ 7120యు వద్దు. మూడింటిలోనూ రెండు కోర్లు, రెండు థ్రెడ్లే. విండోస్ 11 అప్‌డేట్ దించుకుంటున్నప్పుడో, అందులోని యాంటీవైరస్ డిఫెండర్ స్కాన్ చేస్తున్నప్పుడో ఒక కోర్ అందులోనే చిక్కుకుంటుంది. మీకు మిగిలేది ఒక్కటి. పైగా ఎన్4020, ఎన్4500ల గ్రాఫిక్స్‌కు ఏవీ1 (వీడియోను కుదించే ఒక కొత్త పద్ధతి) వీడియోను విప్పే సామర్థ్యం లేదు. యూట్యూబ్ ఆ రకం వీడియో పంపితే పని మొత్తం ఆ రెండు కోర్ల మీద పడుతుంది. ఈ ప్రాసెసర్లతో వచ్చే ల్యాప్‌టాపుల్లో 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ (ఎస్‌ఎస్‌డీ కన్నా నెమ్మదైన చౌక రకం) స్టోరేజ్ ఉండటం మామూలే. కొన్నాళ్లకు విండోస్ అప్‌డేట్‌కు చోటే మిగలదు. "పిల్లాడి క్లాసులకే కదా" అని ఇవి కొనేవాళ్లు చాలామంది, ఏడాది తిరక్కుండా మళ్లీ కొనాల్సి వస్తుంది.

ఇంటెల్ ఎన్100, ఎన్150, ఎన్200 వేరు. 2023 నుంచి ఇంటెల్ ల్యాప్‌టాపుల్లో సెలెరాన్, పెంటియమ్ పేర్లు తీసేసి ఈ వరుసను "ఇంటెల్ ప్రాసెసర్" అని మాత్రమే పిలుస్తోంది. వీటిలో నాలుగు చిన్న కోర్లు ఉంటాయి, ఏవీ1ను హార్డ్‌వేరే విప్పుతుంది. ఉత్తరాలు టైపు చేయడం, యూట్యూబ్, బ్యాంకు పని ఒక్కొక్కటిగా చేసుకునే ఇంటి పెద్దలకు ఎన్100, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నది సరిపోతుంది. ఒక విషయం గమనించండి. ఫ్యాన్ లేని డిజైన్లు కూడా ఈ రకంలో ఉంటాయి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గది వేడి 38 డిగ్రీలు దాటినప్పుడు, అదీ పరుపు మీద పెట్టి వాడితే, చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గట్టి బల్ల మీద పెట్టి వాడాలి.

పేర్ల తికమక ఒకటుంది. ఐ3-ఎన్305, కోర్ 3 ఎన్355 అనేవి పేరుకు ఐ3, కోర్ 3. లోపలున్నవి ఎనిమిదీ చిన్న కోర్లే. చెడ్డవి కావు గానీ ఐ3-1215యు ధర పెట్టి కొనకండి. ఐ3, కోర్ 3 పేరు వెనక నంబర్‌లో ఎన్ కనిపిస్తే అది ఎన్100 కుటుంబానిదని గుర్తుపెట్టుకోండి.

అసలు నెమ్మది ఎక్కడ నుంచి వస్తుంది

"ప్రాసెసర్ స్లో" అని తెచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ర్యామ్. విండోస్ 11, యాంటీవైరస్, బ్రౌజర్ కలిసి 4 జీబీని తేలిగ్గా నింపేస్తాయి. గ్రాఫిక్స్‌కు విడి మెమరీ ఉండదు కాబట్టి అది కూడా ఇందులోంచే కొంత తీసుకుంటుంది. ర్యామ్ నిండితే విండోస్ అందులోని సమాచారాన్ని డిస్క్ మీద రాసి, కావాల్సినప్పుడు మళ్లీ చదువుతుంది. ఆ డిస్క్ ఈఎంఎంసీయో పాత హార్డ్ డిస్కో అయితే మౌస్ కదిలినా విండో కదలదు. ప్రాసెసర్ ఆ సమయంలో ఖాళీగానే ఉంటుంది, డిస్క్ కోసం ఎదురుచూస్తూ. అందుకే 8 జీబీ కనిష్ఠం, 16 జీబీ అయితే నిశ్చింత. స్టోరేజ్ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ అయి ఉండాలి, 256 జీబీ అయినా పర్వాలేదు.

హెచ్ రకం, ఉదాహరణకు ఐ5-12450హెచ్, ఆఫర్లో యు ధరకే దొరుకుతుంటుంది. వేగం బాగుంటుంది. కానీ ఫ్యాన్ మోత ఎక్కువ, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. ఎప్పుడూ ప్లగ్‌లో పెట్టి ఇంట్లోనే వాడేవాళ్లకు ఫర్వాలేదు. కరెంటు పోయినప్పుడు క్లాసు సాగాలనుకుంటే యు తీసుకోండి.

స్నాప్‌డ్రాగన్ ఎక్స్ (ఇంటెల్, ఏఎండీల కన్నా వేరైన ఆర్మ్ రకం చిప్) ల్యాప్‌టాపులకు బ్యాటరీ బాగా వస్తుంది, వేగం కూడా చాలు. వాటిలో మామూలు విండోస్ ప్రోగ్రాములు ఎమ్యులేషన్ (ఆ చిప్‌కు అర్థమయ్యేలా మార్చి నడపడం) ద్వారా నడుస్తాయి, డ్రైవర్లు మాత్రం అలా నడవవు. పాత ప్రింటర్, వేలిముద్ర పరికరం, జీఎస్‌టీకి వాడే డిజిటల్ సంతకం టోకెన్ మీకుంటే, దాని తయారీదారు ఆర్మ్ విండోస్‌కు డ్రైవర్ ఇచ్చారని కళ్లతో చూశాకే కొనండి. అను స్క్రిప్ట్ మేనేజర్‌తో తెలుగు డీటీపీ చేసేవాళ్లు కూడా ముందే పరీక్షించుకోవాలి. ఈ సందేహాలేవీ వద్దనుకుంటే ఇంటెల్, ఏఎండీలతోనే ఉండండి.

ఏఐ పీసీ, ఎన్‌పీయూ (ఏఐ పనులకు చిప్‌లో ఉండే విడి భాగం) అని చెప్పి పదో పదిహేను వేలో ఎక్కువ అడిగితే మామూలు వాడకానికి ఇవ్వక్కర్లేదు. బ్రౌజర్‌లో వాడే చాట్‌జీపీటీ, జెమినీ వాళ్ల సర్వర్ల మీద పనిచేస్తాయి, మీ ప్రాసెసర్ మీద కాదు.

సెకండ్ హ్యాండ్ అయితే

విండోస్ 10కు మామూలు మద్దతు గడువు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచి మద్దతు ఉంది. ఏఎండీలో 4000 సిరీస్, ఆ పైవి తీసుకుంటే సందేహం ఉండదు. సికింద్రాబాద్ సీటీసీలాంటి మార్కెట్లలో ఆఫీసుల నుంచి వచ్చిన 6, 7 జనరేషన్ ల్యాప్‌టాపులు తళతళలాడుతూ కనిపిస్తాయి, విండోస్ 11 కూడా ఎక్కించి ఇస్తారు. అది అధికారిక మద్దతు లేని ఇన్‌స్టలేషన్, తర్వాత వచ్చే పెద్ద అప్‌డేట్ ఎక్కుతుందన్న హామీ లేదు. 8250యు, 8350యు ఉన్నవి అడగండి. ఇవి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. వీటి ముందున్న 7200యు, 7300యులలో రెండే కోర్లు. ఒక్క జనరేషన్ తేడాకు కోర్లు రెట్టింపయ్యాయి.

బిల్లుకు ముందు ఐదు నిమిషాలు

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లండి. సీపీయూ నొక్కితే కుడివైపు పైన ప్రాసెసర్ పూర్తి పేరు, కింద కోర్లు, లాజికల్ ప్రాసెసర్ల (అంటే థ్రెడ్ల) సంఖ్య ఉంటాయి. మీరు రాసుకున్న నంబర్‌తో సరిచూడండి. మెమరీ నొక్కి ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర చూడండి. సోడిమ్ అని ఉంటే ర్యామ్ స్లాటులో ఉంది, తర్వాత మార్చుకోవచ్చు. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే బోర్డుకు అతికించినది. డిస్క్ దగ్గర ఎన్‌వీఎంఈ అని ఉందో లేదో చూడండి. తర్వాత షాపు వైఫై మీద పది ట్యాబులు తెరిచి, ఒకదాంట్లో 1080పీ వీడియో పెట్టి, వర్డ్ తెరిచి టైపు చేయండి. అక్షరాలు వేలి వెనక ఆలస్యంగా వస్తే ఆ సిస్టమ్ వద్దు.

సీలు తీసిన కొత్తదాన్ని మాత్రం మొదటి గంటలోనే అంచనా వేయకండి. విండోస్ అప్‌డేట్లు, ఇండెక్సింగ్ (వెతకడానికి ఫైళ్ల జాబితా తయారీ), తయారీదారు సాఫ్ట్‌వేర్లు అన్నీ వెనక నడుస్తుంటాయి, సీపీయూ చాలాసేపు 100 శాతం దగ్గరే తిరగొచ్చు. ఒక రాత్రంతా ప్లగ్‌లో పెట్టి నెట్‌కు కలిపి వదిలేయండి. పొద్దున రీస్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు ఆగి, ఏమీ తెరవకుండా టాస్క్ మేనేజర్ చూడండి. సీపీయూ పది శాతం లోపు నిలకడగా ఉంటే బాగున్నట్టు. అప్పుడు అసలు వీడియో కాల్ ఒకటి అరగంట చేసి చూడండి. ఇదంతా రిటర్న్ గడువు లోపలే పూర్తి చేసుకోండి.