కట్టడం పనికి షెడ్యూల్ వేస్తున్నారా? తేదీలు ఆఖర్న రాయండి

షెడ్యూల్ అనగానే చాలామంది క్యాలెండర్ ముందేసుకుని ఫలానా తేదీకి పునాది, ఫలానా తేదీకి శ్లాబ్, ఫలానా తేదీకి రంగులు అని రాసుకుంటూ పోతారు. అలా రాసిన తేదీలు మొదటి నెలలోనే తప్పిపోతాయి. ఏ పని దేని కోసం ఆగాలో అందులో ఎక్కడా ఉండదు కదా. ముందు ఆ వరస తేల్చుకోండి, తేదీలు దాన్నుంచే వస్తాయి.

పనిని విడగొట్టడంతో మొదలుపెట్టండి. ‘మొదటి అంతస్తు’ అని ఒక్క గీత గీస్తే ఏమీ తెలియదు. కాలమ్స్, సెంట్రింగ్ (కాంక్రీట్ పోయడానికి కింద కట్టే అచ్చు, సపోర్టులు), స్టీల్ కట్టడం, శ్లాబ్‌లో పోయే కరెంటు పైపులు, ఇంజనీర్ చెకింగ్, కాంక్రీట్, క్యూరింగ్ (పోసిన కాంక్రీట్‌ను తడిగా ఉంచడం) అని విడివిడిగా రాయండి. ఒక్కో పని రెండు వారాలకు మించకుండా చూసుకోండి, అంతకంటే పెద్దదైతే ‘సగం అయింది’ అన్న మాటకు అర్థం ఉండదు. ప్రతి పని పక్కనా దానికి ముందు ఏది పూర్తవ్వాలి, ఎవరు చేస్తారు, ఎన్ని రోజులు అని రాయాలి. రోజుల లెక్క మీరు ఊహించకండి. గోడ 200 చదరపు మీటర్లు ఉండి, ఆ మేస్త్రీ మనుషులు రోజుకు 20 చదరపు మీటర్లు కడతారంటే 10 రోజులు. ఆ 20 అన్న అంకె ఆయన నోటి నుంచే రావాలి.

ఎవరూ పని చేయకపోయినా గడవాల్సిన రోజులు కొన్నుంటాయి, ఎక్కువగా మర్చిపోయేది వాటినే. కాంక్రీట్ బలాన్ని లెక్కగట్టేది 28 రోజులకు. మామూలు సిమెంటుతో 7 రోజులకు అందులో సుమారు మూడింట రెండు వంతులు వస్తుంది, చలిలో ఇంకా ఆలస్యం. శ్లాబ్ కింది సపోర్టులు తీయడానికి స్పాన్‌ను (రెండు ఆధారాల మధ్య దూరాన్ని) బట్టి ఒకటి రెండు వారాలు, పెద్ద బీమ్‌ల కింద మూడు వారాల దాకా పడుతుంది (ఎప్పుడు తీయాలో మీ స్ట్రక్చరల్ ఇంజనీర్ చెప్పాలి). సపోర్టులు దట్టంగా ఉన్నన్నాళ్లూ ఆ అంతస్తులో గోడలు సరిగ్గా కట్టలేరు. బాత్‌రూమ్‌లో వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక టైల్స్ వేసే ముందు నీళ్లు నిలబెట్టి 24 నుంచి 48 గంటలు చూడాలి. ఇంకో సంగతి, కూలీల పనికి సెలవులు తీసేసి లెక్కేస్తాం, కానీ కాంక్రీట్ గట్టిపడటానికి ఆదివారం లేదు. ఈ రెండు రకాల రోజులనూ కలిపేస్తే లెక్క మొత్తం చెడుతుంది.

ఇప్పుడు మొదటి పని నుంచి చివరి పని దాకా ఒకదాని కోసం ఒకటి ఆగే గొలుసుల్లో అన్నిటికంటే పొడవైనది వెతకండి. దీన్నే క్రిటికల్ పాత్ అంటారు, 1950ల చివర్లో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ కంపెనీలు కలిసి తయారుచేసిన పద్ధతి ఇది. ప్లాస్టరింగ్‌కు ముందు గోడల్లో కరెంటు పైపులకు 12 రోజులు, కిటికీ ఫ్రేములకు 7 రోజులు కావాలనుకోండి. రెండూ ఒకేసారి మొదలైతే ఫ్రేముల పనికి 5 రోజుల వెసులుబాటు ఉంది, పైపుల పనికి ఒక్క రోజు కూడా లేదు. తొందరపెట్టాలంటే మనుషుల్ని పైపుల పనికి పెంచాలి. ఫ్రేములు ఎంత త్వరగా బిగించినా ప్లాస్టరింగ్ ముందుకు జరగదు.

నా దృష్టిలో షెడ్యూల్ నిలబడేదీ కూలేదీ సామాను దగ్గర, నిర్ణయాల దగ్గర. లిఫ్ట్, అల్యూమినియం కిటికీలు, ఎలక్ట్రికల్ ప్యానెల్స్ లాంటివి ఆర్డర్ ఇచ్చిన మర్నాడు రావు. అవి సైట్‌లో ఉండాల్సిన రోజు నుంచి వెనక్కి లెక్కేయండి: రవాణా, తయారీ, డ్రాయింగ్ ఆమోదం, కొలతలు, ధర మాట్లాడుకోవడం. అలా వెనక్కి వెళ్తే, పునాది పని నడుస్తుండగానే లిఫ్ట్ మోడల్ తేల్చాలని చాలాసార్లు బయటపడుతుంది, ఎందుకంటే లిఫ్ట్ కింది గుంత లోతు, లిఫ్ట్ తిరిగే షాఫ్ట్ కొలతలు దాన్నిబట్టే ఉంటాయి. టైల్స్ మందం కూడా అంతే, తలుపుల ఎత్తు, బాత్‌రూమ్ లెవెల్ దానిమీద ఆధారపడతాయి. అందుకే ఇంటి యజమాని తీసుకోవాల్సిన ప్రతి నిర్ణయాన్నీ పేరుతో, గడువుతో షెడ్యూల్‌లో ఒక విడి పనిలా రాసి పెట్టండి. యజమానికి కాస్త ఇబ్బందిగా అనిపించొచ్చు, అయినా పెట్టండి.

అదనపు రోజుల్ని ప్రతి పనిలోనూ దాచొద్దు. పది రోజుల పనికి పదమూడు రాస్తే అది పదమూడు రోజులూ తింటుంది. ఆ రోజుల్ని కలిపి ముఖ్యమైన ఘట్టాల ముందు అందరికీ కనిపించేలా ఉంచండి. తవ్వకాలు వానాకాలంలో పడుతుంటే అక్కడ ఇంకొంచెం ఎక్కువ ఉంచుకోవాలి.

చిన్న పనికి ఎక్సెల్ షీట్ చాలు, పెద్దదైతే ఎంఎస్ ప్రాజెక్ట్ లేదా ప్రిమవెరా లాంటి షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్.

పని మొదలయ్యాక అసలు ప్లాన్ కాపీని ముట్టుకోకుండా పక్కన పెట్టి, ప్రతి వారం మేస్త్రీలందరితో కూర్చుని రాబోయే మూడు నుంచి ఆరు వారాలు చూడండి. సామాను, డ్రాయింగ్, ఖాళీ స్థలం, మనుషులు అన్నీ ఉన్న పనినే వచ్చే వారానికి ఒప్పుకోమనండి. వారం చివర ఒప్పుకున్నవాటిలో ఎన్ని పూర్తయ్యాయో లెక్కపెట్టి, పూర్తికాని ప్రతిదానికీ కారణం రాయండి. రెండు మూడు నెలలు రాస్తే ఒకే కారణం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ముందు దాన్ని సరిచేయండి. ఏ తేదీ మారినా ఆ తర్వాత రావాల్సిన బృందానికి అదే రోజు ఫోన్ చేసి చెప్పండి, లేదంటే వాళ్లు వచ్చి ఖాళీగా నిలబడి ఇంకో సైట్‌కు వెళ్లిపోతారు, మళ్లీ వాళ్లను రప్పించుకోవడం ఇంకో ఆలస్యం.