చట్ట సవరణ ముసాయిదా రాయడం – 4వ పాఠం: ఉప ఎన్నిక గడువు

గత మూడు పాఠాలలో ఒక సెక్షన్‌ను ప్రధాన నియమంగా, మినహాయింపులుగా విడదీసి చదవడం సాధన చేశాము. ఈ పాఠంలో అదే పద్ధతిని సజీవమైన ఒక వివాదానికి అన్వయించి, సొంతంగా రెండు ఖండాలు రాసి, వాటిని జరిగిన సంఘటనలపై పరీక్షిద్దాము. కావలసినవి ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 151ఏ సెక్షన్, ఒక క్యాలెండరు, ఒక పెన్సిలు మాత్రమే.

1996లో చేర్చిన ఈ సెక్షన్ సారాంశం ఇది. ఖాళీ అయిన స్థానానికి, ఖాళీ ఏర్పడిన తేదీ నుంచి ఆరు నెలల లోపల ఉప ఎన్నిక జరగాలి. అయితే, (ఏ) ఆ స్థానంలో మిగిలిన పదవీకాలం ఏడాది కంటే తక్కువ ఉన్నప్పుడు, లేదా (బీ) ఆ గడువులో ఎన్నిక నిర్వహించడం కష్టమని ఎన్నికల సంఘం కేంద్ర ప్రభుత్వంతో సంప్రదించి ధ్రువీకరించినప్పుడు, ఈ సెక్షన్‌లోనిదేదీ వర్తించదు.

ఉప ఎన్నికల సంస్కరణ గురించి మాట్లాడేవారిలో ఎక్కువమంది ఆరు నెలల గడువు దగ్గరే ఆగిపోతారు. నా అభిప్రాయంలో ఆ గడువులో పెద్ద లోపం లేదు. లోపమంతా మినహాయింపుల కూర్పులో ఉంది. (బీ) ఖండాన్ని మరోసారి చదవండి. కష్టమని ధ్రువీకరించిన మరుక్షణం గడువు పొడిగింపబడదు, మొత్తంగా తొలగిపోతుంది. ఆ తరువాత ఎన్నిక ఎప్పటిలోగా జరగాలో సెక్షన్ చెప్పదు. కారణాలను ప్రచురించాలని కూడా చెప్పదు.

దీని ఫలితం రెండు విధాలుగా కనిపించింది. బద్వేలు శాసనసభ్యుడు డాక్టర్ జి. వెంకటసుబ్బయ్య 2021 మార్చి 28న మరణించారు. ఆరు నెలల గడువు సెప్టెంబరు 28తో ముగియాలి. కోవిడ్ రెండో దశ కారణంగా ఎన్నికల సంఘం మే నెలలోనే ఉప ఎన్నికలను వాయిదా వేయగా, అక్కడ పోలింగ్ అక్టోబరు 30న జరిగింది. నెల రోజుల పైచిలుకు ఆలస్యం, అందరికీ తెలిసిన కారణం. మినహాయింపు ఉన్నది ఇలాంటి సందర్భం కోసమే. పుణె లోక్‌సభ స్థానం సంగతి వేరు. అక్కడి సభ్యుడు గిరీశ్ బాపట్ 2023 మార్చి 29న మరణించేనాటికి, 2024 జూన్ 16 వరకు ఉన్న లోక్‌సభ పదవీకాలంలో పద్నాలుగు నెలలకు పైగా మిగిలి ఉంది కనుక (ఏ) ఖండం వర్తించదు. అయినా, ఇతర ఎన్నికల పని ఒత్తిడిని, గెలిచినవారికి మిగిలే కాలం స్వల్పమన్న విషయాన్ని చూపి ఎన్నికల సంఘం (బీ) ఖండాన్ని ఆశ్రయించింది. 2023 డిసెంబరులో బొంబాయి హైకోర్టు వెంటనే ఎన్నిక జరపాలని ఆదేశించగా, 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. సార్వత్రిక ఎన్నికల ఫలితాలు వచ్చేవరకు పుణె ఓటర్లకు లోక్‌సభలో ప్రతినిధి లేరు.

ముసాయిదా రాసేవారు గమనించవలసినది ఇక్కడే ఉంది. మిగిలిన కాలం తక్కువ అన్న కారణానికి చట్టం (ఏ) ఖండంలో ఇప్పటికే ఒక కొలత పెట్టింది, అది ఏడాది. ఏడాదికి మించి కాలం మిగిలి ఉన్న స్థానాన్ని అదే కారణంతో (బీ) ద్వారా వదిలేయగలిగితే (ఏ) ఖండానికి అర్థం ఉండదు. కాబట్టి మన మొదటి సవరణను ఇలా రాద్దాము:

“(బీ) ఆ గడువులో ఉప ఎన్నిక నిర్వహించడం కష్టమని ఎన్నికల సంఘం భావించినప్పుడు, కారణాలను రాజపత్రంలో ప్రచురించి, గడువును ఒక్కసారి మాత్రమే, మూడు నెలలకు మించకుండా పొడిగించవచ్చు, మిగిలిన పదవీకాలం స్వల్పమన్నది ఈ ఖండం కింద కారణం కాజాలదు.”

కేంద్ర ప్రభుత్వంతో సంప్రదించాలన్న మాటను కావాలనే తీసేశాను. భద్రతా బలగాల కోసం కేంద్రాన్ని ఎన్నికల సంఘం ఎలాగూ సంప్రదిస్తుంది. పోటీలో ఉన్న పార్టీ నడిపే ప్రభుత్వానికి వాయిదాలో చట్టబద్ధమైన పాత్ర ఇవ్వడం అనవసరం. ఇప్పుడు పరీక్షించండి. బద్వేలుకు పొడిగించిన గడువు డిసెంబరు 28 వరకు ఉంటుంది, ఎన్నిక అంతకు ముందే జరిగింది కనుక ఇబ్బంది లేదు. పుణెలో మాత్రం ఎంత పొడిగించినా 2023 డిసెంబరు చివరికల్లా పోలింగ్ జరిగి ఉండేది.

(ఏ) ఖండం ఇంతకంటే చిక్కైనది. 2018లో ప్రత్యేక హోదా కోసం వైఎస్సార్ కాంగ్రెస్ లోక్‌సభ సభ్యులు ఐదుగురు ఏప్రిల్ 6న రాజీనామా లేఖలు ఇచ్చారు. అవి ఆమోదం పొంది స్థానాలు ఖాళీ అయిన తేదీ జూన్ 20. ఆ లోక్‌సభ గడువు 2019 జూన్ 3. లేఖ ఇచ్చిన తేదీ నుంచి లెక్కిస్తే దాదాపు పద్నాలుగు నెలలు, ఖాళీ తేదీ నుంచి లెక్కిస్తే ఏడాదికి రెండు వారాలకు పైగా తక్కువ. చట్టం చూసేది రెండో లెక్కనే కనుక ఆంధ్రప్రదేశ్‌లో ఉప ఎన్నికలు జరగలేదు. అదే సమయంలో కర్ణాటకలో బళ్లారి, శివమొగ్గ స్థానాలు మే 18న, మండ్య మే 21న ఖాళీ కావడంతో, ఏడాదికి దాదాపు రెండు వారాలు ఎక్కువ ఉన్న ఆ మూడింటికీ నవంబరు 3న పోలింగ్ జరిగింది. ఒకే సభ, ఒకే కాలం; తేడా తెచ్చినది ఆమోదం పొందిన తేదీ ఒక్కటే.

దీనికి వెంటనే తోచే సవరణ ఇది: “రాజీనామా వల్ల ఏర్పడిన ఖాళీ విషయంలో, మిగిలిన పదవీకాలాన్ని లేఖ స్పీకర్‌కు అందిన తేదీ నుంచి లెక్కించాలి.” చూడడానికి చక్కగా ఉంది. దీనిని విశాఖ ఉత్తరం స్థానం మీద పెట్టి చూడండి. ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణకు నిరసనగా గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన రాజీనామాను స్పీకర్ 2024 జనవరిలో ఆమోదించారు. మన సవరణ ప్రకారం మిగిలిన కాలం మూడేళ్లకు పైగా ఉన్నట్టు లెక్క. అంటే సార్వత్రిక ఎన్నికలు గుమ్మంలో ఉండగా ఉప ఎన్నిక తప్పనిసరి అవుతుంది. ఇది అసంబద్ధం. అందువల్ల వాక్యం చివర ఒక కాపుదల చేర్చాలి: “అయితే, ఖాళీ ఏర్పడిన తేదీన పదవీకాలం తొమ్మిది నెలల కంటే తక్కువ మిగిలి ఉంటే ఉప ఎన్నిక అవసరం లేదు.” ఇప్పుడు విశాఖ ఉత్తరం మినహాయింపులోకి వస్తుంది, 2018 నాటి ఐదు స్థానాలు ఎన్నిక పరిధిలోకి వస్తాయి.

స్పీకర్ మూడేళ్లు లేఖను అట్టిపెట్టడమనే అసలు జబ్బుకు ఈ సవరణ మందు కాదు. రాజీనామా ఆమోదం రాజ్యాంగం 101, 190 అధికరణల్లో ఉంది. 151ఏ సెక్షన్‌లో ఎన్ని మాటలు చేర్చినా స్పీకర్‌కు అక్కడ గడువు విధించలేము. సాధారణ చట్టంతో సాధ్యమయ్యేది, రాజ్యాంగ సవరణ అవసరమయ్యేది వేరు చేసుకోకుండా రాసిన ముసాయిదాలు మొదటి చర్చలోనే కూలిపోతాయి.

ఏడాదిలో ఏర్పడిన ఖాళీలన్నిటికీ ముందే నిర్ణయించిన ఒకే సమయంలో ఉప ఎన్నికలు జరపాలని 2015లో పార్లమెంటరీ స్థాయీ సంఘం సూచించింది. ఖర్చు, ఎన్నికల నియమావళి ఆంక్షలు తగ్గుతాయన్నది నిజమే కానీ, నిర్ణీత సమయం దాటిన మరునాడు ఖాళీ అయిన స్థానం దాదాపు ఏడాది పాటు ఎదురుచూడాలి. ఆరు నెలల నియమాన్ని నిలుపుకుంటూ ఈ సూచనను అమలు చేయాలంటే ఏటా కనీసం రెండు తేదీలు కావాలి. అప్పుడు కూడా తేదీకి కొన్ని రోజుల ముందు ఏర్పడిన ఖాళీకి నోటిఫికేషన్, నామినేషన్ల వ్యవధి సరిపోక, అది తరువాతి తేదీకి జారి ఆరు నెలలు దాటుతుంది.

అభ్యాసం. తిరుపతి లోక్‌సభ సభ్యుడు బల్లి దుర్గాప్రసాద్ 2020 సెప్టెంబరు 16న మరణించగా పోలింగ్ 2021 ఏప్రిల్ 17న జరిగింది. జూబ్లీహిల్స్ శాసనసభ్యుడు మాగంటి గోపీనాథ్ 2025 జూన్ 8న మరణించగా పోలింగ్ నవంబరు 11న జరిగింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ శాసనసభ్యుడు జి. సాయన్న 2023 ఫిబ్రవరి 19న మరణించారు. ఆ శాసనసభ గడువు 2024 జనవరి 16. ఈ మూడింటికీ ఇప్పటి చట్టం ప్రకారం ఒకసారి, మన రెండు సవరణల ప్రకారం ఒకసారి గడువు లెక్కించండి. ఆపై, ఏటా రెండు తేదీల పద్ధతిని ఒకే వాక్యంలో ముసాయిదాగా రాసి, చివరి నిమిషపు ఖాళీకి అందులోనే దారి చూపండి. అయిదో పాఠంలో ఈ జవాబులను సరిచూసుకుని, ఒక అభ్యర్థి రెండు స్థానాల నుంచి పోటీ చేసే వీలు కల్పిస్తున్న 33(7) సెక్షన్‌కు వెళదాము.