ఎమ్‌మ్యాప్‌కు అడ్రస్ మనమే ఇచ్చేటప్పుడు

ఎమ్‌మ్యాప్ (mmap) అంటే ప్రోగ్రామ్‌కు మెమరీలో జాగా ఇచ్చే సిస్టమ్ కాల్. దానికి మ్యాప్ ఫిక్స్‌డ్ (MAP_FIXED, సరిగ్గా ఈ అడ్రస్‌లోనే ఇమ్మనే ఫ్లాగ్) పెడితే ఆ అడ్రస్‌లో ముందే ఏమున్నా చెప్పాపెట్టకుండా ఎగిరిపోతుంది. నాకు ఒక లైబ్రరీ మీదే పడింది, ప్రోగ్రామ్ ఇంకెక్కడో క్రాష్. సాయంత్రమంతా దానికే పోయింది.

తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు కిటికీలోంచి టవలు వేసి సీటు ఆపుకుంటాం కదా, అదే పని ఇక్కడా. ముందు అడ్రస్ నల్ (ఎక్కడైనా సరే అని) ఇచ్చి, ప్రాట్ నన్‌తో (PROT_NONE, చదవడం, రాయడం కుదరకుండా) అనానిమస్‌గా (ఏ ఫైలుతోనూ ముడిపెట్టకుండా) కావలసినంత జాగా (నాకు 64 ఎంబీ చాలింది) తీసుకోండి. తర్వాత ఆ జాగా లోపల మాత్రమే ఫిక్స్‌డ్ వాడండి. అడ్రస్ పేజీ (మెమరీని పంచే ఒక్కో ముక్క) సైజు గుణిజంగా ఉండాలి, మామూలు ఇంటెల్ మెషీన్లో అది 4096 బైట్లు.

ఫలానా అడ్రసే కావాలంటే ఈ టవలు పనికిరాదు. అప్పుడు ఫిక్స్‌డ్ నోరీప్లేస్ (MAP_FIXED_NOREPLACE) ఫ్లాగ్ పెట్టండి, ఖాళీ లేకపోతే ఎర్రర్ ఇస్తుంది. లైనక్స్ 4.17 కంటే పాత కర్నెల్‌కు ఆ ఫ్లాగ్ తెలియదు, వేరే అడ్రస్ చేతిలో పెట్టొచ్చు. తిరిగొచ్చిన అడ్రస్‌ను తప్పకుండా పోల్చి చూడండి.