అయాన్ ఎలక్ట్రోడ్ మన చేతులతో – 3వ పాఠం: నైట్రేట్ పొర పోయడం

నీళ్లలో ఒక అయాను ఎంత ఉందో వోల్టేజీతో చెప్పే అయాన్ ఎలక్ట్రోడ్‌ను మనమే తయారుచేస్తున్నాం. గత పాఠంలో రెండు గదుల రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (ఆ వోల్టేజీని పోల్చి చూడడానికి మారని ఆధారం) తయారుచేసి, దాని బయటి గదిలో అమ్మోనియం సల్ఫేట్ నింపుకున్నాం. సల్ఫేటే ఎందుకు నింపాలో తర్వాత చెబుతానన్నాను. దాని జవాబు ఈ పాఠంలోనే ఉంది. ఇప్పుడు నైట్రేట్‌ను కొలిచే పొరను పోద్దాం.

ఈ పొరకు ప్రాణం క్వాటర్నరీ అమ్మోనియం లవణం. ఇందులో నైట్రోజన్‌కు నాలుగు వైపులా కార్బన్ గొలుసులే ఉంటాయి, హైడ్రోజన్ ఒక్కటీ ఉండదు. అందుకే పీహెచ్ మారినా దాని ధనావేశం చెక్కుచెదరదు. మామూలు అమీన్ అయితే క్షార ద్రావణం తగలగానే ప్రోటాన్‌ను వదిలేసి ఆవేశం పోగొట్టుకుంటుంది.

మనం వాడేది ట్రైడోడెసిల్‌మిథైల్‌అమ్మోనియం క్లోరైడ్. మూడు గొలుసులు పన్నెండేసి కార్బన్లవి, నాలుగోది మిథైల్. ఇంత నూనె స్వభావం ఉన్న అయాను నీళ్లలోకి పోదు, పొరలోనే ఉండిపోతుంది. లవణం ఎంపికలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. ల్యాబులో సులువుగా దొరుకుతుంది కదా అని టెట్రాబ్యూటైల్ లవణం వేస్తే అది కొద్దికొద్దిగా నీళ్లలోకి జారిపోతుంది. సెటైల్‌ట్రైమిథైల్ బ్రోమైడ్‌లో పదహారు కార్బన్ల గొలుసు ఉన్నా అది ఒక్కటే. సబ్బులాగా ఒక కొస నీళ్లవైపు, ఒక కొస నూనెవైపు పెట్టుకుని అంచున చేరుతుంది, చివరికి నీళ్లలోకే వెళ్తుంది. ఆలిక్వాట్ 336 అనే మరో క్వాటర్నరీ లవణం చవక, పని కూడా చేస్తుంది. కానీ అది వేర్వేరు పొడవుల గొలుసుల మిశ్రమం. నేర్చుకునేటప్పుడు శుద్ధమైన లవణంతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. తేడా వచ్చినప్పుడు అనుమానించాల్సిన వాటిలో ఒకటి తగ్గుతుంది.

ఒక సంగతి మాత్రం బాగా బుర్రకెక్కించుకోండి. ఈ లవణానికి నైట్రేట్ మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. అది పొరలో ధనావేశాలను పట్టి ఉంచుతుంది, అంతే. ఆ ఆవేశాలకు జతగా ఏ ఋణ అయాను లోపలికి రావాలో తేల్చేది నీరు. నీళ్లు గట్టిగా పట్టుకునే అయాను బయటే ఉండిపోతుంది, వదులుగా పట్టుకునేది పొరలోకి వచ్చేస్తుంది. దీన్నే హోఫ్‌మైస్టర్ వరస అంటారు. ముందు పెర్‌క్లోరేట్, తర్వాత థయోసయనేట్, అయోడైడ్, నైట్రేట్, బ్రోమైడ్, నైట్రైట్, క్లోరైడ్, బైకార్బొనేట్, అట్టడుగున సల్ఫేట్. రిఫరెన్స్ బయటి గదిలో సల్ఫేట్ నింపింది ఇందుకే. అది కాస్త కారినా పొర దాన్ని లెక్కచేయదు.

ఇక తూకం. మొత్తం 300 మిల్లీగ్రాముల మిశ్రమం కావాలి: లవణం 18, ప్లాస్టిసైజర్‌గా (పీవీసీని మెత్తబరిచే నూనెగా) నైట్రోఫినైల్ ఆక్టైల్ ఈథర్ 195, ఎక్కువ అణుభారం ఉన్న పీవీసీ పొడి 87 మిల్లీగ్రాములు. ప్లాస్టిసైజర్ ఇంతెందుకంటే, అయాన్లు కదలాల్సింది దానిలోనే. పీవీసీ దాన్ని పట్టి ఉంచే చట్రం మాత్రమే.

చిన్న సీసాలో ముందు లవణం, ప్లాస్టిసైజర్ తూచుకుని వాటిని కరిగించే ద్రావణి టెట్రాహైడ్రోఫ్యూరాన్ 3 మిల్లీలీటర్లు పోయండి. కరిగాక, అయస్కాంతపు కలియబెట్టి తిరుగుతుండగా పీవీసీని చిటికెడు చిటికెడు చల్లండి. ఒకేసారి గుమ్మరిస్తే ఉండ కడుతుంది, ఆ ఉండ కరగడానికి గంటలు పడుతుంది. ఈ ద్రావణి ఇట్టే మండుతుంది, నైట్రైల్ గ్లవ్స్‌ను కూడా త్వరగా దాటేస్తుంది. ఫ్యూమ్ హుడ్‌లోనే పనిచేయండి, గ్లవ్స్ తడిస్తే వెంటనే మార్చండి. ఎప్పుడో తెరిచిన పాత సీసా వాడొద్దు, అందులో పేరుకున్న పెరాక్సైడ్లు పేలగలవు.

చదునైన గాజు పలక మీద 30 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గాజు వలయం పెట్టి, ద్రావణాన్ని నెమ్మదిగా అందులో పోయండి. బుడగలుంటే సూది మొనతో పగలగొట్టండి. పైన నాలుగైదు ఫిల్టర్ పేపర్లు వేసి, వాటిమీద బరువు పెట్టి ఒకటి రెండు రోజులు కదిలించకుండా వదిలేయండి. తొందరపడి మూత తీస్తే ద్రావణి వేగంగా ఆవిరవుతుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ పొరమీద చేరి తెల్లగా మసక పడుతుంది. అలాంటి పొరను పక్కన పడేయండి, దాన్ని బాగుచేసే దారి లేదు. సరిగా వచ్చిన పొర లేత పసుపుగా, అవతలి అక్షరాలు కనిపించేంత స్వచ్ఛంగా, వేలితో వంచితే మెత్తగా వంగేలా ఉంటుంది. మందం మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ.

కార్క్ బోరర్‌తో చిన్న బిళ్ల కోయండి. పీవీసీ గొట్టం కొసను ఆ ద్రావణితోనే తడిపి బిళ్లను అతికించండి. ఆరాక లోపల నీళ్లు పోసి, బయట టిష్యూ పేపరుతో ఒత్తి చూడండి. చెమ్మ కనిపిస్తే అతుకు సరిగా పడలేదన్నమాట. పడితే నీళ్లు పారబోసి, పొటాషియం నైట్రేట్, పొటాషియం క్లోరైడ్ రెండూ 0.01 మోలార్ చొప్పున ఉన్న ద్రావణం నింపి, సిల్వర్ క్లోరైడ్ పూత ఉన్న వెండి తీగ దించండి. క్లోరైడ్ ఆ తీగ కోసం, నైట్రేట్ పొర కోసం.

ఇప్పుడు పొరలో ఉన్నది క్లోరైడ్, మనకు కావాల్సింది నైట్రేట్. 0.01 మోలార్ పొటాషియం నైట్రేట్‌లో రాత్రంతా నానబెడితే వరసలో ముందున్న నైట్రేట్ లోపలికి వచ్చి క్లోరైడ్‌ను బయటికి పంపేస్తుంది. ఈ అంచె చేయకుండా వదిలేస్తే మరుసటి రోజంతా రీడింగ్ జారుతూనే ఉంటుంది.

క్రమాంకనానికి, అంటే తెలిసిన గాఢతలకు ఎంత రీడింగ్ వస్తుందో చూసుకోవడానికి, 0.00001 నుంచి 0.1 మోలార్ వరకు పది రెట్ల తేడాతో ద్రావణాలు కలుపుకోండి. ప్రతి 100 మిల్లీలీటర్లకు 2 మోలార్ అమ్మోనియం సల్ఫేట్ 2 మిల్లీలీటర్లు కలపండి, నమూనాలకూ అంతే. పలచని దానితో మొదలుపెట్టి చిక్కని దానికి వెళ్లండి. గాఢత పెరిగేకొద్దీ మిల్లీవోల్టులు తగ్గాలి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది రెట్లకు సిద్ధాంతం ప్రకారం 59.2 తగ్గుతుంది. 54 దాటితే మంచి పొరే. అట్టడుగు ద్రావణం దగ్గర గీత వంగితే కంగారు పడొద్దు, ఈ పొర హద్దు అక్కడికే.

ఉదాహరణకు 0.001 మోలార్ దగ్గర 198, 0.01 దగ్గర 141 మిల్లీవోల్టులు వచ్చాయనుకుందాం. వాలు, అంటే పది రెట్లకు వచ్చే తగ్గుదల, 57. నమూనా 203 చూపిస్తే గాఢత సుమారు 0.0008 మోలార్, అంటే లీటరుకు 50 మిల్లీగ్రాముల నైట్రేట్. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి అదే. ఒక్క మిల్లీవోల్టు తేడా వస్తే జవాబులో నాలుగు శాతం తేడా వస్తుందని గుర్తుంచుకోండి.

నమూనాలో క్లోరైడ్ ఉంటే ఎలా? పొరకు క్లోరైడ్ ఎంపిక గుణకం (నైట్రేట్‌తో పోలిస్తే పొర క్లోరైడ్‌కు ఎంత వంతు స్పందిస్తుందో చెప్పే అంకె) 0.005 అనుకుంటే, 0.01 మోలార్ క్లోరైడ్ మీటరుకు 0.00005 మోలార్ నైట్రేట్‌లా కనిపిస్తుంది. అంటే లీటరుకు దొంగ లెక్క 3 మిల్లీగ్రాములు. 50 కొలిచేటప్పుడు సర్దుకోవచ్చు, 5 కొలిచేటప్పుడు కుదరదు. అప్పుడు ముందే సిల్వర్ సల్ఫేట్ వేసి క్లోరైడ్‌ను అవక్షేపించాలి. డిటర్జెంట్లలోని డోడెసిల్ సల్ఫేట్ లాంటివి ఇంకా ప్రమాదం. పేరులో సల్ఫేట్ ఉన్నా పొడవాటి గొలుసు వల్ల అవి పొరలోకి దూరి పాతుకుపోతాయి. గాజుసామాను కడిగాక డిటర్జెంట్ జాడ లేకుండా తొలపండి.

ఇదే ద్రావణంలో తీగను ముంచి ఆరబెడితే గొట్టం, లోపలి ద్రావణం లేని పూత ఎలక్ట్రోడ్ అవుతుంది. 1971లో కాట్రాల్, ఫ్రైజర్ చూపిన పద్ధతి ఇది. అయితే పూతకు, లోహానికి మధ్య సన్నటి నీటి పొర చేరి రీడింగ్ రోజురోజుకూ జారుతుంది. దాన్ని అడ్డుకోవడానికి మధ్యలో వాహక పాలిమర్ (విద్యుత్తును ప్రసరింపజేసే ప్లాస్టిక్) వేస్తారు. వచ్చే పాఠంలో మనం చేసేది అదే. ఈలోగా గొట్టం ఎలక్ట్రోడ్‌ను వారం పాటు రోజూ ఒకసారి క్రమాంకనం చేసి, వాలు, 0.001 మోలార్ రీడింగ్ రెండూ రాసి పెట్టుకోండి. పూత ఎలక్ట్రోడ్‌ను పోల్చి చూడడానికి ఆ అంకెలు కావాలి.