పిల్లల ఆటలకు స్వచ్ఛంద సారథిగా ఎదగడం ఎలా?

విశాఖపట్నంలో పిల్లలకు ఆటలు నేర్పాలనుకునే యువతీయువకులు ముందుగా తమ పేటకు దగ్గరలోని మైదానంలో శిక్షణ ఇస్తున్న కోచ్ దగ్గర సహాయకులుగా చేరడం మేలు. డిగ్రీ విద్యార్థులైతే జాతీయ సేవా పథకం ద్వారానూ ప్రయత్నించవచ్చు. అందులో ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయవలసి ఉంటుంది.

మొదట అలవరచుకోవలసింది మాట్లాడే తీరు. పిల్లలను అర్ధచంద్రాకారంలో నిలబెట్టి, ఎండ వారి కళ్లలో పడకుండా మీరే సూర్యునికి ఎదురుగా నిలిచి, ఒక్కసారికి ఒక్క సూచన మాత్రమే ఇచ్చి, వెంటనే చేయించాలి. కబడ్డీలో రైడర్‌కు ఉండే 30 సెకన్ల గడువును బిగ్గరగా లెక్కపెట్టే పనిని, బెరుకుతో గట్టు మీదే కూర్చుండిపోయే పిల్లవాడికి అప్పగించి చూడండి. మెల్లమెల్లగా అతని గొంతు పెగులుతుంది. ఎవరు మౌనంగా ఉన్నారో పసిగట్టే ఈ చూపే, నా దృష్టిలో, ఈ సేవ మనకిచ్చే అన్నిటికన్నా విలువైన నైపుణ్యం. రేపు ఉద్యోగంలోనూ ఇంట్లోనూ అది అక్కరకు వస్తుంది.

మన తీరప్రాంతపు ఉక్కపోతకు పిల్లలు త్వరగా నీరసపడతారు గనుక, ఆర్కే బీచ్ ఇసుకలో ఆడించినా, బడి ఆవరణలో ఆడించినా ఉదయం వేళనే ఎంచుకుని, మధ్యమధ్య ఆట ఆపి నీళ్లు తాగించాలి. కళ్లు తిరుగుతున్నాయన్న వారిని వెంటనే నీడకు చేర్చాలి. తల్లిదండ్రుల అనుమతి, మైదానంలో కనీసం ఇద్దరు పెద్దలు ఉండటం తప్పనిసరి.

ఇంటికి చేరాక, ఆ రోజు ఎవరిని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదో నోటుబుక్కులో రాసుకుంటే, మరునాడు ముందుగా వారినే పిలవవచ్చు.