అమ్మానాన్నలకు అమెరికా టికెట్ ఎలా బుక్ చేయాలి?

హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరుగా వెళ్ళే విమానం లేదు. 2021 జనవరిలో ఎయిరిండియా చికాగోకు మొదలుపెట్టింది గానీ అది నిలవలేదు. కాబట్టి శంషాబాద్‌లో ఎక్కినవాళ్ళు దారిలో ఎక్కడో ఒకచోట దిగి విమానం మారాల్సిందే. ఎక్కడ మారాలన్నది సరిగ్గా తేల్చుకుంటే టికెట్ పని ముప్పాతిక అయిపోయినట్టే. మా చుట్టాల్లో, మా అపార్ట్‌మెంట్‌లో పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళకి టికెట్లు చూసిపెట్టేది నేనే. పిల్లలు ధర చూస్తారు, దారి చూడరు. ఆ తేడా డబ్బులకి అవస్థ పడేది డెబ్బై ఏళ్ళ తల్లిదండ్రులు.

ముందు చిన్న పనులు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ గడిలో ఉందో టికెట్‌లోనూ అదే గడిలో ఉండాలి. వీల్‌చైర్ బుక్ చేసేటప్పుడే అడగండి, దానికి డబ్బులు తీసుకోరు. నడవగలిగిన వాళ్ళకైనా పెట్టించండి, ఆ పొడవాటి టెర్మినళ్ళలో దారి చూపించే మనిషి తోడుంటాడు. సీటు నడవ పక్కనే తీసుకోండి. పెద్దవాళ్ళకి కిటికీ సీటు వద్దు, మాటిమాటికీ ఇద్దర్ని లేపి బాత్రూమ్‌కి వెళ్ళడానికి మొహమాటపడి వాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు.

ఇప్పుడు దారి. హైదరాబాద్ వైపు నుంచి కాదు, పిల్లలున్న ఊరి వైపు నుంచి వెనక్కి చూసుకుంటూ రండి. ఆ ఊళ్ళో దిగే విదేశీ విమానాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి, వాటిలో శంషాబాద్ నుంచి ఒక్క విమానంలో చేరుకోగలిగే ఊరు ఏది? డల్లాస్ అయితే దోహా లేదా దుబాయ్. ఆస్టిన్ అయితే లండన్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్. శాన్‌ఫ్రాన్సిస్కో అయితే మనవాళ్ళు అలవాటుకొద్దీ గల్ఫ్ మీదుగానే పంపుతారు. నేను మాత్రం సింగపూర్ లేదా హాంకాంగ్ మీదుగా పంపుతాను. పడమటి తీరానికి తూర్పు నుంచి వెళ్ళడమే సుఖం. దుబాయ్ నుంచి డల్లాస్‌కి దాదాపు 13,000 కిలోమీటర్లు, పదహారు గంటల ప్రయాణం. అంతసేపు కూర్చోవడం కష్టమే, కాదనను. అయినా దాన్ని రెండు ముక్కలు చేసి రెండో ముక్క అమెరికా లోపల పెట్టడం కంటే నయం.

ఎందుకో చెప్తాను, ఇది శ్రద్ధగా చదవండి. విమానం అమెరికాలో మొదట ఎక్కడ దిగితే ఇమిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే. మీ నాన్నగారు దోహాలో మారి, చికాగోలో మళ్ళీ మారి కొలంబస్ వెళ్ళాలనుకోండి. చికాగోలో దిగగానే ఇమిగ్రేషన్ లైన్. వేలిముద్రలు, ఎందుకొచ్చారు, ఎన్నాళ్ళుంటారు అనే ప్రశ్నలు. ఒకేసారి నాలుగైదు పెద్ద విమానాలు దిగితే ఆ లైన్ గంట దాటిపోతుంది. అది అయ్యాక బెల్టు దగ్గరికి వెళ్ళి పెట్టెలు తీసుకోవాలి. ట్యాగ్ మీద కొలంబస్ అని రాసున్నా సరే తీసుకోవాలి. చాలామంది తప్పేది ఇక్కడే. శంషాబాద్ కౌంటర్‌లో 'బ్యాగులు చివరిదాకా వెళ్ళిపోతాయి' అన్న మాట పట్టుకుని ఖాళీ చేతులతో ముందుకెళ్తారు, పెట్టెలు బెల్టు దగ్గరే ఉండిపోతాయి. పెట్టెలతో కస్టమ్స్ దాటి, బయట ఉన్న కౌంటర్‌లో మళ్ళీ అప్పగించాలి. ఆ తర్వాత టెర్మినల్ మారాలి, మళ్ళీ సెక్యూరిటీ. దోహా డ్యూటీ ఫ్రీలో కొన్న సెంటు సీసా 100 మిల్లీలీటర్లు దాటితే, పెట్టె అప్పగించే ముందే అందులో పెట్టేయాలి. చేతిసంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర పోయే ప్రమాదం ఉంది. ఇదంతా ఇరవై గంటలు నిద్రలేని మనిషి, ఇంగ్లీషు యాసలు అర్థంకాని చోట, రెండు గంటల్లో చేయాలి. వెబ్‌సైట్ ఆ రెండు గంటల గడువున్న టికెట్‌ని మామూలుగానే అమ్ముతుంది, తీసుకోకండి.

అందుకే నా నియమం: మార్పు అమెరికాకి ముందే అయిపోవాలి. ఊరికి నేరుగా విమానం లేకపోతే దగ్గర్లోని పెద్ద ఊళ్ళో దింపి, మీరు కారులో వెళ్ళి తెచ్చుకోండి. కొలంబస్‌లో ఉన్నవాళ్ళు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా డెట్రాయిట్‌కి పిలిపించుకోవచ్చు, కారులో మూడున్నర గంటల లోపే. ఒక శనివారం మీది పోతుంది, వాళ్ళ టెన్షన్ మొత్తం పోతుంది. అమెరికాలో మారక తప్పదంటే నాలుగు గంటలు తగ్గకుండా చూడండి.

ఈ నియమానికి మినహాయింపు అబుదాబి. శంషాబాద్ నుంచి ఒక్క విమానంలో చేరుకోగలిగే ఊళ్ళలో ఇలాంటిది ఇదొక్కటే. 2014 నుంచి అక్కడే అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తిచేస్తున్నారు. న్యూయార్క్‌లోనో చికాగోలోనో దిగేసరికి దేశీయ ప్రయాణికుల్లా బయటికి నడిచి వచ్చేయొచ్చు. అయితే ఆ తనిఖీకి సమయం కావాలి కాబట్టి అబుదాబిలో మూడు గంటలకు తగ్గించొద్దు.

ధర కోసం రెండు వేర్వేరు టికెట్లు కలిపి కొనడం అసలే వద్దు. హైదరాబాద్-ముంబై ఒకటి, ముంబై-న్యూయార్క్ ఇంకొకటి అనుకోండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో కంపెనీకి మీతో సంబంధం లేదు. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్‌లో ఉండాలి. ఢిల్లీ మీదుగా వెళ్ళేవాళ్ళు ఒకటి గమనించండి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక వాటి అమెరికా ప్రయాణాలు చుట్టుదారి పట్టాయి. దారిలో ఇంధనం కోసం ఆగుతుందేమో టికెట్‌లో చూసుకోండి.

తేదీ దగ్గర కూడా జాగ్రత్త. శంషాబాద్ నుంచి చాలా విమానాలు తెల్లవారుజామున బయల్దేరతాయి. టికెట్ మీద 15వ తేదీ 3.30 అని ఉంటే ఇంట్లోంచి కదలాల్సింది 14వ తేదీ రాత్రి. క్యాలెండర్ మీద 14న గుర్తు పెట్టండి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చేవాళ్ళు, కూకట్‌పల్లి నుంచి వచ్చేవాళ్ళు ఎవరైనా సరే, విమానానికి నాలుగు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి. సాగనంపడానికి వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వరు, వీడ్కోళ్ళు బయటే ముగించండి. ఆవకాయ చేతిసంచిలో వద్దు, పెట్టెలో సర్దండి. మాంసం పచ్చళ్ళు మాత్రం పెట్టెలోనూ వద్దు, అమెరికా కస్టమ్స్‌లో తీసేసుకుంటారు.

బుక్ చేశాక వదిలేయకండి. విమాన కంపెనీలు వేళలు మారుస్తూనే ఉంటాయి, నాలుగు గంటల గడువు చడీచప్పుడు లేకుండా గంటన్నరకి కుదించుకుపోవచ్చు. నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి టికెట్ తెరిచి మారే చోట ఎంత సమయం మిగిలిందో లెక్కపెట్టండి. తగ్గితే వెంటనే కంపెనీకి ఫోన్ చేసి తర్వాతి విమానానికి మార్చమనండి. వేళ మార్చింది వాళ్ళే కాబట్టి మామూలుగా అదనంగా డబ్బు అడగరు.