మిద్దె మీద ఎండకు మారే రీడింగు: తప్పు ఎక్కడుంది?

సమస్య: చెన్నైలో, ఏసీ ల్యాబులో 3.01 వోల్టులు చూపించిన సెన్సర్ పెట్టె, రోహిణి కార్తె మధ్యాహ్నం మిద్దె మీద అదే బ్యాటరీని 3.16 అంటుంది. సాయంత్రానికి మళ్లీ దిగుతుంది. ఎండకు బ్యాటరీ నిండదు కదా! ఇలాంటప్పుడు అందరం ముందు, కొలతకు ఆధారమైన వోల్టేజీనిచ్చే రెఫరెన్స్ చిప్‌నే అనుమానిస్తాం. నేనూ మార్చి చూశాను, ఏమీ తేడా రాలేదు.

కారణం: బ్యాటరీ వోల్టేజీని సగం చేసి ఏడీసీకి (వోల్టేజీని అంకెగా మార్చే భాగానికి) ఇచ్చే రెసిస్టర్ల జోడీయే డివైడర్. కరెంటు పొదుపు కోసం అందులో రెండు 10 మెగోమ్‌ల రెసిస్టర్లు పెట్టాం. 3 వోల్టుల మీద 150 నానో ఆంపియర్లే ఖర్చు. కానీ ఆ రెండూ కలిసే చోట (నోడ్) రెసిస్టెన్స్, రెండూ సమాంతరంగా లెక్కకొచ్చి, 5 మెగోమ్‌లకు చేరింది. అక్కడి నుంచి సప్లైకి వేసిన రక్షణ డయోడ్ 25 డిగ్రీల వద్ద 1 నానో ఆంపియర్ లీకైతే 5 మిల్లీవోల్టుల తప్పు. లీకేజీ ప్రతి 10 డిగ్రీలకూ సుమారు రెట్టింపవుతుంది. పెట్టె లోపల 65 డిగ్రీలైతే 16 రెట్లు, అంటే 80 మిల్లీవోల్టులు. డివైడర్ సగం చేసినదాన్ని మళ్లీ రెండుతో గుణిస్తాం కాబట్టి రీడింగులో అది 160 అవుతుంది.

నిర్ధారణ: ఆ నోడ్ మీద మల్టీమీటర్ పెట్టకండి. మీటర్ ఇన్‌పుట్ సాధారణంగా 10 మెగోమ్‌లే, 1.5 వోల్టుల నోడ్ 1.0కి పడిపోతుంది. ఏడీసీ రీడింగునే చూస్తూ, కాగితాన్ని గరాటులా చుట్టి హెయిర్ డ్రయర్ గాలిని ఒక్కో భాగం మీదికి విడివిడిగా పంపండి. డయోడ్ వేడెక్కగానే అంకె ఎగబాకితే దొంగ దొరికినట్టే. వేడికి తప్పు తగ్గుతోందంటే మాత్రం అది తేమ. వానాకాలంలో, సోల్డరింగ్‌లో మిగిలిన ఫ్లక్స్ మరకల మీదుగా బోర్డే లీకవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, బాగా ఆరబెట్టి, ఆ తర్వాతే తేమ చొరకుండా కోటింగ్ వెయ్యాలి. మురికి మీద కోటింగ్ వేస్తే తేమను లోపలే బంధించినట్టు.

పరిష్కారం: డయోడ్ తప్పదనుకుంటే బీఏవీ199 లాంటి తక్కువ లీకేజీది వాడండి, ఎక్కువ లీకయ్యే షాట్కీ రకం జోలికి పోకండి. అంతకన్నా మేలైన దారి, డివైడర్‌ను రెండు 100 కిలో ఓమ్‌లకు దించి, పైన మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) స్విచ్ పెట్టి, నిమిషానికోసారి 5 మిల్లీసెకన్లే ఆన్ చెయ్యడం. సగటు ఖర్చు 1.25 నానో ఆంపియర్లే. లీకేజీ తప్పు వందో వంతుకు దిగుతుంది. నోడ్ కెపాసిటర్ 10 నానో ఫారడ్‌లు దాటకూడదు, లేకుంటే ఆ 5 మిల్లీసెకన్లలో వోల్టేజీ కుదురుకోదు.

ఇంకా కాస్త తేడా మిగిలి, వేడికి తిన్నగా పెరుగుతుంటే రెసిస్టర్ల జోడీని చూడండి. రెండూ కలిసి మారితే నిష్పత్తి చెదరదు. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొనేటప్పుడు ఒకే స్ట్రిప్ నుంచి రెండూ కత్తిరించి ఇమ్మనండి, బోర్డు మీద పక్కపక్కనే పెట్టండి.